పదిహేనో కుర్చీ

పదో కుర్చీ నేలమీద సరిగ్గా ఆనలేదు. కొమురెల్లి దాన్ని పక్కకు జరిపి, కాలు దిగబడిన చోట అరచేత్తో మట్టి చదును చేసి మళ్లీ వేశాడు. రెండు చేతులూ ఆనించి ఒంటి బరువంతా మోపి చూశాడు. కదల్లేదు. పదకొండో కుర్చీ అందుకున్నాడు.

పొద్దు ఇంకా పొడవలేదు. నాచారంలో ఆ కాలనీ పార్కు పెద్దదేం కాదు. రెండు వేపచెట్లు, ఒక జారుడుబల్ల, నీళ్లు రాని ఫౌంటెను, దాని చుట్టూ కొంచెం గచ్చు. గచ్చు మీద తొమ్మిది కుర్చీలు పడతాయి. మిగతా ఐదూ మట్టిలోనే వెయ్యాలి. గుండ్రంగా, ఒకరు చెయ్యి చాపితే పక్కవాళ్లకు తగలనంత ఎడంగా ఉండాలి. అన్నీ చేతులు లేని ఇనుప మడత కుర్చీలే. ప్లాస్టిక్‌వైతే ముసలివాళ్లు లేచేటప్పుడు వెనక్కి జారిపోతాయని చంద్రిక మేడం మొదటి రోజే వద్దంది. అప్పటినుంచి రోజూ తెల్లవారుజామున టెంట్ హౌసు నుంచి పద్నాలుగు కుర్చీలు రిక్షా బండి మీద వేసుకుని రావడం, గంటసేపు ఆగి, మళ్లీ మడిచి తీసుకుపోవడం కొమురెల్లి పని.

అతనికి అరవై రెండేళ్లు. రిక్షా తొక్కీ తొక్కీ పిక్కలు పేనిన తాళ్లలా ఉంటాయి. గుంజలు మోసిన కుడి భుజం మీద చర్మం నల్లగా కాయకాచింది. కుడిచేతి బొటనవేలికి గోరు లేదు. అది ఇరవయ్యేళ్ల కిందట ఓ ఇనుప కార్ఖానాలో పనిచేసేటప్పుడు పోయింది. ఆ కార్ఖానా మూతపడ్డాక బిక్షపతి టెంట్ హౌసులో చేరాడు. పెళ్లికైనా చావుకైనా షామియానా కట్టడం, కుర్చీలు వెయ్యడం, అయిపోయాక విప్పి తేవడం. ఇన్నేళ్లలో ఏ శుభకార్యంలోనూ అతని పేరెవరూ అడగలేదు. అవి ఎవరి శుభకార్యాలో అతనూ గుర్తుపెట్టుకోలేదు. ఏ వాకిట్లో గుంజ సులువుగా దిగుతుందో, ఎక్కడ రెండడుగుల కింద బండ తగులుతుందో మాత్రం తెలుసు.

ఒక్కొక్కరే వచ్చారు. ముందు కాలనీ సంఘం కార్యదర్శి అచ్యుతరావు. గుంటూరు వైపు నుంచి ముప్పయ్యేళ్ల కిందట బదిలీ మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న రిటైర్డు గుమాస్తా. తెల్ల బూట్లు, మెడకు మఫ్లరు. తర్వాత పద్మావతి టీచరు, చేతికర్ర తాటించుకుంటూ. ఆ తర్వాత మిగతావాళ్లు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. బస్సులు తిరగడం లేదు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. కుర్చీల్లో కూర్చునేవాళ్లలో కోస్తా వాళ్లూ ఉన్నారు, ఇక్కడివాళ్లూ ఉన్నారు. మాట అటు పోబోయినప్పుడల్లా ఎవరో ఒకరు మోకాళ్ల నొప్పుల వైపు మళ్లిస్తారు.

చంద్రిక స్కూటీ దిగింది. ముప్పయ్యేళ్లుండవు. ఉప్పల్‌లో ఒక చిన్న క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు.

"వీపు నిటారుగా. పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి. ముందు మడమలు పైకి... కిందికి. తొందరేం లేదండీ, నెమ్మదిగా."

పద్నాలుగు జతల మడమలు లేచాయి, దిగాయి. కొన్ని బాగా లేచాయి, కొన్ని లేచామనిపించాయి. తర్వాత కూర్చున్నచోటే నడక. కుడి మోకాలు, ఎడమ మోకాలు. తర్వాత కాలు ముందుకు చాచి ఐదు లెక్కపెట్టేదాకా నిలపడం. చివర, రెండు చేతుల వేళ్లూ ఒకదానిలో ఒకటి దూర్చి నెత్తిమీదికి ఎత్తడం.

కొమురెల్లి గేటు దగ్గర బండి మీద ఓ పక్కకు ఒరిగి, తాడు చిక్కు తీస్తున్నట్టుగా కనిపించాడు. చూపు మాత్రం గుండ్రం మధ్యనే ఉంది. పెదాలు కదులుతున్నాయి. దేని తర్వాత ఏదో, ఎన్నిసార్లో ఒకటికి రెండుసార్లు లోపల చెప్పుకుంటున్నాడు. అతనికి చదువు రాదు. ఇక్కడ చూసినది ఇంటికి పోయేదాకా పోగొట్టుకోకుండా తీసుకుపోవాలి.

జనవరిలో అతని భార్య శంకరమ్మకు పక్షవాతం వచ్చింది. మందుల కంపెనీలో సీసాలు కడిగే పనికి పొద్దున్నే బయల్దేరుతూ, గడపలోనే పడిపోయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. పెద్ద దవాఖానాలో పదిహేను రోజులుంచుకుని పంపించారు. రోజూ తీసుకొస్తే కసరత్తు చేయిస్తామన్నారు. ఆటోలో మూడు రోజులు తీసుకుపోయాడు. నాలుగో రోజు ఆమె రానంది. గోడవైపు తిరిగి పడుకుంది. అట్లా రెండు నెలలు. అన్నం పెడితే సగం తినేది. మాట్లాడిస్తే కళ్లు మూసుకునేది. పనికి వెళ్లేముందు, ఇల్లు దాటేముందు అతను ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు.

ఉగాది అయిన వారానికి ఒక పొద్దున పార్కులో ఓ పెద్దాయన చెయ్యి లేవడం లేదంటే, చంద్రిక చెప్పిన మాట కొమురెల్లి చెవిన పడింది. "లేవని చేతిని లేచే చేత్తో పట్టుకుని ఎత్తండి. అది నేర్చుకుంటుంది."

ఆ మధ్యాహ్నం అతను టెంట్ హౌసులో ఓ మూలన పడేసిన వంకర కాలు కుర్చీని సుత్తితో కొట్టి సరిచేసి ఇంటికి తెచ్చాడు. శంకరమ్మను ఎత్తి కూర్చోబెట్టి, పక్కకు ఒరగకుండా నడుముకు తువ్వాలు చుట్టి కుర్చీకి కట్టాడు.

"నన్ను సంపుతవా ఏంది?" అంది. రెండు నెలల్లో ఆమె అన్న మొదటి మాట అది.

"జర ఆగు. మడిమెలు లేపు."

"ఏం మడిమెలు?"

అతను ఎదురుగా నేలమీద చతికిలబడి, అచ్యుతరావు మడమలు ఎట్లా లేపుతాడో, లేపేటప్పుడు ఆయన బుగ్గలు ఎట్లా ఉబ్బుతాయో చేసి చూపించాడు. శంకరమ్మ మూతి ఒక పక్కకే కదిలింది. అది నవ్వని తెలియడానికి అతనికి కొంచెంసేపు పట్టింది.

అప్పటినుంచి రోజూ. కాలు కంటే ముందు మాట వచ్చింది. తినడం వచ్చింది. అతను తలుపు తియ్యగానే "ఇయ్యాల ఎవలెవలొచ్చిన్రు?" అని అడిగేది. పద్నాలుగు మంది ఆమెకు తెలుసు. ఎవరి మోకాలు ఎప్పుడు వాచిందో, ఎవరి మనవరాలికి ఏ కాలేజీలో సీటొచ్చిందో తెలుసు. పద్మావతి టీచరంటే మరీ ఇష్టం. ఆమె లెక్కపెట్టేటప్పుడు పిల్లలకు చెప్పినట్టు గట్టిగా చెబుతుందట.

ఆగస్టులో ఒకరోజు, "నన్ను గూడ ఒక్కదినం ఆడికి తోల్కపో," అంది.

"తోల్కపోత."

"ఎన్నడు?"

"అడిగి సెప్త."

అడగలేదు. పొద్దున్నే వెళ్లేటప్పుడు అడగాలనుకునేవాడు. వాళ్ల బూట్లు, గడియారాలు, ఆ మాటతీరు చూశాక మళ్లీ బండి దగ్గరికే పోయేవాడు. పెద్దమనుషులు కూర్చునే చోట మా ఆమెకో కుర్చీ అంటే ఏమనుకుంటారో. ఇంటికి వెళ్లి "ఇయ్యాల మేడం జల్దిపోయింది" అనో, "రేపడుగుత" అనో చెప్పేవాడు. అట్లా రెండు నెలలు గడిచాయి. శంకరమ్మ కొన్నాళ్లుగా అడగడం మానేసింది. ఎవలెవలొచ్చిన్రు అని మాత్రం అడుగుతోంది.

ఈ పొద్దున తరగతి అయిపోయింది. అందరూ లేచి వెళుతున్నారు. చంద్రిక హెల్మెట్ చేతిలోకి తీసుకుంది. కొమురెల్లి రెండు మడిచిన కుర్చీలు చంకన పెట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"మేడం, ఒక్క మాట."

"చెప్పండి."

"లేవని చెయ్యిని లేపేటప్పుడు, ఏడ వట్టుకోవాలె? ముంజేతి కాడనా?"

"ఎవరికి?"

"మా ఇంటామెకు."

చంద్రిక హెల్మెట్ సీటు మీద పెట్టేసింది. ఎప్పుడు వచ్చింది, ఏ పక్క, ఇప్పుడెట్లా ఉంది, ఎవరు చేయిస్తున్నారని ఒకటొకటే అడిగింది. అతను కుర్చీలు కింద పెట్టి, తను చేయించేదంతా నిలబడే చేసి చూపించాడు. వరుస తప్పలేదు. ఎన్నెన్నిసార్లో తప్పలేదు. ఆమె అతని చెయ్యి అందుకుంది.

"మణికట్టు పట్టుకుని లాగకండి. భుజం దెబ్బతింటుంది. ఒక చెయ్యి మోచేతి కింద పెట్టండి, ఇట్లా. ఆరు నెలల్నుంచి ఇక్కడ చూసి చేయిస్తున్నారా?"

"అవ్ మేడం."

"ఒక్కసారి చెప్పుంటే నేనే వచ్చి చూసేదాన్ని కదా."

కొమురెల్లి చెప్పదలచుకున్నది చెప్పేశాడు. "ఆమె ఈడికొస్తనంటది."

"రానివ్వండి. రేపే తీసుకురండి. ఇంకో కుర్చీ ఎక్కువ వెయ్యండి, అంతే."

"సార్లు ఏమన్న అంటరేమో."

చంద్రిక గేటు దగ్గరున్న అచ్యుతరావును పిలిచి సంగతి చెప్పింది. ఆయన నీళ్లసీసా మూత బిగిస్తూ విన్నాడు. "కుర్చీలు తెచ్చేది అతనే కదమ్మా. ఇంకోటి తెచ్చుకుంటే మనకేం?" అని వెళ్లిపోయాడు.

అంతే. ఆ మాటకోసం రెండు నెలలు.

కుర్చీలు టెంట్ హౌసులో దించి కొమురెల్లి ఇంటికి చేరేసరికి పది కావస్తోంది. పాత నాచారంలో రేకుల ఇల్లు, ఒకటే గది. కరెంటు పోయి ఉంది. శంకరమ్మ మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది.

"రేపు తోల్కరమ్మన్నరు," అన్నాడు, చెప్పులు విడవకుండానే.

ఆమె బాగున్న చేత్తో కొంగు సర్దుకుంది.

"ఎవలన్నరు?"

"మేడమన్నది. సారు గూడ సరేనన్నడు."

"నువ్వే అడిగినవా?"

"నేనే అడిగిన."

"ఎట్లవోదం?"

"బండి మీద. కుర్సీల నడుమ మెత్త ఏసి కూసుండబెడ్త."

"నన్ను మట్టిల ఎయ్యకు. గచ్చు మీద ఎయ్యి. టీచరమ్మ పక్కకు."

"సరే."

"తలకు వోసుకోవాలె. ఆకుపచ్చ చీర తియ్యి."

"తారామణికి సెప్త. మాపటికి పోస్తది."

అతను ఆమెను కుర్చీలోకి మార్చి కసరత్తు చేయించాడు. ఈసారి ఎడమ మోచేతి కింద అరచెయ్యి పెట్టి, చంద్రిక చూపించినట్టు నెమ్మదిగా ఎత్తాడు. చెయ్యి ఎప్పటికంటే తేలిగ్గా లేచింది. నొప్పిగా లేదంది. ఇన్నాళ్లూ తప్పు చోట పట్టుకుని లాగానని అతనికి మనసు కలుక్కుమంది. కాలు చాచేటప్పుడు ఎడమ బొటనవేలు కొంచెం కదిలింది. ఇద్దరూ దాన్ని చూశారు. మళ్లీ కదల్లేదు.

అన్నం కలిపి ముందు పెట్టాడు. రెండు ముద్దలు తిని చాలంది.

"ఎందుకే?"

"పొద్దుగాలసంది తల్కాయ బరువున్నది."

"కరెంటు లేక గాలాడుతలేదు. గోలి ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

నుదుటికి జండూబామ్ రాశాడు. విసనకర్ర చేతికి అందేచోట పెట్టాడు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర నిరాహార దీక్ష శిబిరానికి కుర్చీలు తీసుకుపోవాలి, సాయంత్రం దీక్ష విరమించాక తిరిగి తేవాలి. పక్కింటి తారామణికి చెప్పి, బయల్దేరాడు. తారామణికి భర్త లేడు, ఇంట్లోనే మిషను కుడుతుంది. మధ్యాహ్నాలు శంకరమ్మను చూసుకునేది ఆమే.

శిబిరంలో యాభై కుర్చీలు వేశాడు. మైకులో ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు, డప్పు మోగుతూనే ఉంది. బస్సుల్లేని రోడ్డు మీద ఆటోలు మనుషుల్ని కుక్కుకుని పోతున్నాయి. కొమురెల్లి షామియానా వెనక నీడలో బండి ఆపుకుని కూర్చున్నాడు. రేపటి సంగతి ఆలోచించాడు. బండి పట్టాల మీద బొంత పరచాలి. గేటు దగ్గర గుంత ఉంది, అక్కడ దిగి నెట్టాలి. మెట్టు దగ్గర ఎత్తుకోవాలి, అందరూ చూస్తుండగా ఆమె సిగ్గుపడుతుంది. అందరికంటే ముందే తీసుకుపోయి కూర్చోబెడితే సరిపోతుంది.

నాలుగు గంటలప్పుడు బిక్షపతి మోటారుసైకిలు మీద వచ్చాడు. యాభై ఏళ్లుండవు, లావుపాటి మనిషి. ఎప్పుడు వచ్చినా ముందు కుర్చీలు లెక్క చూసుకుని, ఆ తర్వాత మాట్లాడతాడు. ఈసారి అటు చూడలేదు.

"మామా, నడువ్. బండెక్కు."

"దీక్ష ఇంక అయిపోలే సేటు. కుర్సీలు..."

"కుర్సీలు నేను తెప్పించుకుంట. నువ్వు నడువ్."

కొమురెల్లి అతని ముఖంలోకి చూశాడు. పదిహేనేళ్లలో బిక్షపతి అట్లా అనడం ఎప్పుడూ వినలేదు. వెనక ఎక్కి కూర్చున్నాడు. హబ్సిగూడ మీదుగా పాత నాచారం చేరారు.

వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్లున్నారు. శంకరమ్మను చాప మీద పడుకోబెట్టారు. ఆకుపచ్చ చీర మడత కూడా విప్పకుండా మంచం మీదే ఉంది. తారామణి అతన్ని చూసి లేచి నిలబడింది.

"మాపటిదాక ఎందుకు, ఇప్పుడే వొయ్యి, రేపటికి ఎంటికలు మంచిగ ఆరుతయన్నది. పోసిన. కుర్సీల కూసుండవెట్టి సిక్కు తీసిన. జర చాయ్ తాగుతవా వదినా అంటె తాగుతనన్నది. పెట్టుకొచ్చేసరికి తల వాల్చింది. పండుకున్నదేమో అనుకున్న అన్నా. పిలిసిన. మల్ల పిలిసిన."

కొమురెల్లి చాప పక్కన కూర్చున్నాడు. శంకరమ్మ జుట్టు ఇంకా తడిగానే ఉంది. కుంకుడుకాయ వాసన వస్తోంది. ఎడమ చెయ్యి మెలికపడి ఒంటికింద ఉంది. అతను ఒక అరచెయ్యి మోచేతి కింద పెట్టి, ఇంకో చేత్తో మణికట్టు కింద ఆసరా ఇచ్చి, నెమ్మదిగా తీసి పొట్టమీద పెట్టాడు.

కూతురు ఉమారాణి భువనగిరి నుంచి తెల్లారేసరికి వచ్చింది. బస్సుల్లేక, దొరికిన బండి పట్టుకుని, కొంతదూరం కొంతదూరంగా. బిక్షపతి షామియానా పంపాడు, కుర్చీలు పంపాడు. బండి వాకిట్లో ఆగిన చప్పుడు వినగానే కొమురెల్లి లేచి బయటికి వచ్చాడు. గుంజ ఎత్తి భుజాన పెట్టుకోబోయాడు. బిక్షపతి దాన్ని అతని చేతుల్లోంచి తీసుకున్నాడు.

"నువ్వు లోపలికి పో మామా. నేను పాతుత."

"ఆ మూలకు పాతకు. బండ తగుల్తది," అన్నాడు కొమురెల్లి. చెప్పి, లోపలికి పోయాడు.

ఏడు గంటలప్పుడు పార్కు వాళ్లు వచ్చారు. కుర్చీలు రాకపోతే అరగంట నిలబడి, టెంట్ హౌసుకు ఫోను చేస్తే సంగతి తెలిసిందట. అందరూ రాలేదు. ఎనిమిది మంది వచ్చారు, చంద్రికతో కలిపి తొమ్మిది. సందులో రాళ్లు చూసుకుంటూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడిచారు. షామియానా కింద కుర్చీల్లో కూర్చున్నారు. పద్మావతి టీచరు కర్ర పక్కన పెట్టి, శంకరమ్మకు దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

కొమురెల్లి ఆమెనే చూస్తున్నాడు.

"మీ పక్కకు కూసుంటనన్నదమ్మా," అన్నాడు.

"ఎవరు?"

"మా ఆమె. టీచరమ్మ పక్కకు ఎయ్యమన్నది."

పద్మావతికి వెంటనే అర్థంకాలేదు. "నేను ఆవిడకి తెలుసా నాయనా?"

"అందరు తెల్సు. దినాం అడిగేది. మీ మోకాలు వాసినప్పుడు గూడ అడిగింది, తగ్గిందా అని."

పద్మావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చంద్రిక ఏడుస్తోంది. అచ్యుతరావు మఫ్లరు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"రోజూ మా ఎదురుగానే ఉన్నావు కదయ్యా," అన్నాడు. "ఒక్కమాట చెప్పకూడదూ?"

"మీరు అడుగలే సార్." ఎత్తిపొడుపేం లేదు ఆ గొంతులో. జరిగింది జరిగినట్టు చెప్పాడంతే. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "కాదు. నేనే అడుగలే. ఆగస్టుల అడిగుంటె రెండు నెలలు కూసుండేది."

అచ్యుతరావు ఒళ్లోని మఫ్లరును మడతలు పెట్టాడు.

మధ్యాహ్నానికి అన్నీ అయిపోయాయి. శ్మశానం నుంచి వచ్చి, స్నానం చేసి, దీపం చూసి కొమురెల్లి అరుగు మీద కూర్చున్నాడు. ఆడవాళ్లు గది కడిగారు. బిక్షపతి మనుషులు షామియానా విప్పి, కుర్చీలు మడిచి బండికెత్తారు. ఇంట్లోని కుర్చీ కూడా తమదే అనుకుని అందులోనే వేసుకుపోయారు. ఆపుదామని ఎవరికీ తోచలేదు.

ఉమారాణి తల్లి బట్టలన్నీ మూటగట్టింది. పెరట్లో దండెం సంగతి మాత్రం మరిచిపోయింది. నిన్న తలకు పోసేముందు తారామణి ఉతికి ఆరేసిన శంకరమ్మ రవిక ఒకటి అక్కడే ఎండుతోంది: లేవని చేతికి తొడగడం కష్టమని ఎడమ చెయ్యి కుట్టంతా విప్పి, నాలుగు జతల నాడాలు పెట్టి, షామియానాలు కుట్టే దబ్బనంతో, ఆ మందపాటి తెల్లదారంతోనే కొమురెల్లి వేసిన పెద్ద పెద్ద కుట్లు, వంకరవే గాని ఒక్కటీ వదులు కాకుండా.